జపాన్‌ను పిలిస్తే చిలీ పలికింది: కాంటెస్ట్ పొద్దున 28లో లాంగ్ పాత్

గోదావరి_గాలి (కాకినాడ) · సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. హ్యామ్ రేడియో (అభిరుచిగా నడిపే రేడియో) వాళ్ల ప్రపంచ పోటీ, గొంతుతో మాట్లాడే సీక్యూ వరల్డ్‌వైడ్ ఎస్ఎస్‌బీకి నా లాగ్, అంటే మాట్లాడిన స్టేషన్ల జాబితా, పంపేశాను, ఇక తీరిగ్గా ఒక సంగతి రాస్తున్నా. శనివారం పొద్దున 5:30కి కాంటెస్ట్ మొదలవగానే మనలో చాలామంది చేసేదే నేనూ చేశాను, 28 మెగాహెర్ట్జ్‌లో యాగీని (ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) జపాన్ మీదికి పెట్టి సీక్యూ కొట్టడం, అంటే ఎవరైనా పలుకుతారా అని పిలవడం, మొదలుపెట్టా. మా డాబా మీద మూడు ఎలిమెంట్ల యాగీ, కింద 100 వాట్ల రిగ్గు, ఆంప్లిఫయర్ ఏమీ లేదు. జపాన్ వాళ్లు వరసపెట్టి వస్తున్నారు, జోన్ (పోటీ కోసం ప్రపంచాన్ని నంబర్ల జోన్లుగా పంచారు) 25, 25, 25 అని లాగ్‌లో ఎక్కించుకుంటూ పోతున్నా.

ఆరు దాటింది. అప్పుడు ఆ గుంపులోంచి ఒక గొంతు వేరుగా వినపడింది. తొందర లేదు, యాస స్పానిష్. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తు) ఫొనెటిక్స్‌లో రెండుసార్లు చెప్పాడు, సీఈ3తో మొదలైంది. చిలీ! ఫైవ్ నైన్ వన్ టూ అన్నాడు, నేను ఫైవ్ నైన్ టూ టూ ఇచ్చాను (ఫైవ్ నైన్ సిగ్నల్ రిపోర్టు, మిగతాది జోన్, వాళ్లది 12, మనది 22), థ్యాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు. సిగ్నల్ బలం చూపే మీటరు మీద ఎస్7. పక్క గదిలో పడుకున్నవాళ్లు లేచొచ్చేలా అరిచాను, నిజంగా.

తర్వాత అరగంటలోనే అర్జెంటీనా ఒకటి, ఇంకో చిలీ వచ్చాయి. 6:45 అయ్యేసరికి దక్షిణ అమెరికా మొత్తం మాయం, జపాన్ మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు నా ప్రశ్న. కాకినాడ నుంచి చిలీ నైరుతి వైపు ఉంటుంది, నా బీమ్ (యాంటెన్నా గురి) ఉన్నది ఈశాన్యం వైపు. పైగా 100 వాట్లు. ఎలా జరిగింది?

---

కొత్త_వియూ3 (ఖమ్మం) · సోమవారం రాత్రి 9:24

అన్నా, చదువుతుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. నాకు లైసెన్స్ వచ్చింది ఈ మధ్యే. ఇప్పటిదాకా 40 మీటర్ల బ్యాండులో మనవాళ్లతో మాట్లాడటం తప్ప బయటి దేశం వినలేదు. చిలీ అంటే ఎన్ని కిలోమీటర్లు అవుతుంది?

---

హెచ్‌ఎఫ్_హనుమంతు (హైదరాబాద్) · సోమవారం రాత్రి 10:02

కంగ్రాట్స్ తమ్మీ. కానీ సంబరం కంటే ముందు కొన్ని అడగాలి, ఏమీ అనుకోకు. యాగీ అన్నాక వెనక వైపు నుంచి కూడా కొంత వింటుంది. మూడు ఎలిమెంట్లకు ముందు వెనకల తేడా బాగా కట్టినా 20 డీబీ (సిగ్నల్ బలంలో తేడాకు కొలత) చిల్లర. చిలీ వాడి దగ్గర పెద్ద ఆంప్లిఫయరు, పెద్ద టవరు ఉంటే నైరుతి నుంచి మామూలు దారిలోనే వచ్చి నీ యాంటెన్నా వెనక భాగంలోంచి దూరి ఉండొచ్చు కదా. "బీమ్ జపాన్ వైపు ఉంది కాబట్టి సిగ్నల్ జపాన్ వైపు నుంచే వచ్చింది" అనడానికి ఇదొక్కటే సాక్ష్యం అయితే నేను ఒప్పుకోను. బీమ్ తిప్పి చూశావా లేదా? అసలు సంగతి అది.

---

గోదావరి_గాలి (కాకినాడ) · సోమవారం రాత్రి 10:15

తిప్పి చూశాను అన్నా. అర్జెంటీనా స్టేషన్ నాతో అయిపోయాక అక్కడే ఫ్రీక్వెన్సీ పక్కన తన సీక్యూ పెట్టుకున్నాడు, నాకు దొరికిన అవకాశం అదే. హెడ్‌ఫోన్ చెవికే ఉంచుకుని రొటేటర్ (యాంటెన్నాను తిప్పే మోటారు) తిప్పాను. ఉత్తరం నుంచి లెక్కించే డిగ్రీల్లో 60 నుంచి 90కి వచ్చేసరికి కాస్త తగ్గింది, 130 దాటాక ఎస్4, 150 దగ్గర ఒక చోట మాటలు నాయిస్‌లో కలిసిపోయాయి, 235కి చేరాక మళ్లీ పైకి తేలింది గానీ ఎస్3 దాటలేదు, అక్షరాలు పట్టుకోవడమే కష్టం. రొటేటర్ నెమ్మది, ఒక నిమిషం పైనే పట్టింది, ఆ నిమిషంలో జపాన్ వాళ్లను వదులుకున్నా ఫరవాలేదనిపించింది. తిరిగి 60కి తెచ్చాను, ఎస్7. వెనక్కి వచ్చేటప్పుడు కూడా అదే వరస, అదే చోట మునిగింది, అదే చోట తేలింది.

---

హెచ్‌ఎఫ్_హనుమంతు (హైదరాబాద్) · సోమవారం రాత్రి 10:21

ఇది సాక్ష్యం. ఎస్7కి ఎస్3కి నాలుగు యూనిట్లు, ఒక్కోటి 6 డీబీ చొప్పున 24, మీటరు అంత కచ్చితంగా ఉండదు కానీ దగ్గరదగ్గర నీ యాగీ ముందు వెనకల తేడా అంతే. అంటే సిగ్నల్ ముందు నుంచే వచ్చింది, 235లో నువ్వు విన్నది నీ వెనక లోబ్. లాంగ్ పాత్ (భూమిని అటు నుంచి చుట్టి వచ్చే పొడుగు దారి) అనడానికి ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు, అయితే వాల్తేరు మాస్టారు ఏమంటారో విందాం.

---

వాల్తేరు_తరంగం (విశాఖ) · మంగళవారం ఉదయం 6:40

బాబూ, పొద్దున్నే మంచి విషయం చదివించావు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్కలు. కాకినాడ నుంచి శాంటియాగోకి దగ్గర దారి దాదాపు 16,700 కిలోమీటర్లు, బేరింగ్ (దిక్కు కోణం) 231 డిగ్రీలు. భూమి చుట్టుకొలత 40,000 కాబట్టి అదే గీత మీద వెనక్కి తిరిగి అటు నుంచి చుట్టి వెళ్తే 23,300, బేరింగ్ 51 డిగ్రీలు. టోక్యో మీకు దాదాపు 58. తేడా ఏడు డిగ్రీలు! మూడు ఎలిమెంట్ల యాగీ బీమ్ 60 డిగ్రీల వెడల్పు ఉంటుంది, దానికి ఏడు డిగ్రీలు లెక్కలోకే రావు. మీరు జపాన్ మీద పెట్టాననుకున్న యాంటెన్నా ఆ గంటలో చిలీ మీదా ఉంది, అర్జెంటీనా మీదా ఉంది. బ్యూనస్ ఎయిర్స్ లాంగ్ పాత్ మీకు సుమారు 56.

ఇక ఆ దారి ఎక్కడెక్కడి నుంచి పోతుందో గ్లోబు మీద దారం పెట్టి చూడండి. కాకినాడ నుంచి తీరం వెంబడే మా విశాఖ పక్కగా, బంగ్లాదేశ్ మీదుగా, చైనా దాటి, కొరియా పైభాగం, జపాన్‌లో హొక్కైడో దక్షిణ కొస, అక్కడి నుంచి ఉత్తర పసిఫిక్, తర్వాత దిగుతూ దిగుతూ మెక్సికోకి నైరుతిగా చాలా దూరంలో భూమధ్యరేఖ దాటి చిలీ తీరం. జపాన్ దాటాక అంతా సముద్రమే.

ఇప్పుడు సూర్యుడు. మన 6:15 అంటే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో 0:45. మనకు అప్పుడే తెల్లవారింది, పసిఫిక్ మధ్యలో మిట్టమధ్యాహ్నం, ఆ దారి భూమధ్యరేఖను దాటే చోట సాయంత్రం ఐదు, చిలీలో పొద్దుగూకి గంటన్నర దాటింది. అంటే దారి పొడవునా, ఆ చివరి కొస తప్ప, ఎండే. అదే దగ్గర దారి చూడండి: హిందూ మహాసముద్రం, ఆఫ్రికా దక్షిణ భాగం, దక్షిణ అట్లాంటిక్, దాదాపు ఆసాంతం రాత్రే. రాత్రి పూట అయనోస్ఫియర్‌లో (తరంగాలను కిందికి వంచే పై వాతావరణం) ఎఫ్2 పొర పలచబడి ఎంయూఎఫ్ (ఆ పొర వంచగల గరిష్ఠ ఫ్రీక్వెన్సీ) పడిపోతుంది, 28 మెగాహెర్ట్జ్ తరంగం వంగదు, పొరను దాటుకుని అంతరిక్షంలోకి పోతుంది. కాబట్టి 6,600 కిలోమీటర్లు ఎక్కువైనా పొడుగు దారే ఆ సమయానికి ఉన్న ఒకే దారి. హనుమంతు గారు అడిగిన బీమ్ పరీక్ష మంచిదే, కానీ అది లేకపోయినా గడియారం చూసి చెప్పొచ్చు, ఆ గంటలో 28లో చిలీ మనకు నైరుతి నుంచి వచ్చే వీల్లేదు.

100 వాట్లు ఎలా సరిపోయాయన్నది రెండో ప్రశ్న. ఎఫ్2 మీద ఒక గెంతుకు మహా అయితే 4,000 కిలోమీటర్లు, కాబట్టి కనీసం ఆరు గెంతులు. చెరువులో పెంకు విసిరినట్టు ప్రతి గెంతుకీ నేలనో నీటినో తాకి లేవాలి, తాకిన ప్రతిసారీ కొంత పోతుంది. అయితే ఉప్పునీరు మంచి అద్దం, అక్కడ పోయేది తక్కువ. పైగా భూమధ్యరేఖ దగ్గర ఇంకో ఏర్పాటు ఉంది. పగలంతా అయస్కాంత భూమధ్యరేఖ మీద ఎలక్ట్రాన్లు పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట అటూ ఇటూ జారి, రెండు వైపులా 15 డిగ్రీల చుట్టుపక్కల దట్టమైన గుట్టల్లా పేరుకుంటాయి. సాయంత్రానికి అవి బాగా బలంగా ఉంటాయి. ఉత్తరం గుట్టకు తగిలిన తరంగం కిందికి దిగకుండానే నేరుగా దక్షిణం గుట్టకు తగిలి అక్కడి నుంచి నేలకు దిగగలదు. మధ్యలో ఒక నీటి తాకుడు, సిగ్నల్‌ను పీల్చే కింది డీ పొరలోంచి రెండు ప్రయాణాలు తప్పుతాయి. మీ సిగ్నల్ భూమధ్యరేఖ దాటింది సరిగ్గా సాయంత్రం ఐదింటి చోట అని చెప్పాను కదా.

ఇవన్నీ ఏడాదంతా కుదరవు. సూర్యచక్రం మంచి దశలో ఉండాలి. 25వ చక్రం 2019 డిసెంబరులో మొదలైంది, గరిష్ఠ దశకు వచ్చామని నాసా, నోవా 2024 అక్టోబరులో ప్రకటించాయి. చక్రం అడుగున ఉన్నప్పుడు ఇదే గంటలో ఇదే యాగీతో కూర్చుంటే 28లో జపాన్ కూడా వినపడదు.

---

లాగ్‌బుక్_లక్ష్మి (బెంగళూరు, ఊరు నెల్లూరు) · మంగళవారం ఉదయం 8:05

మాస్టారూ, మీరు చెప్పినదానికి ఇంకో సగం నేను కలుపుతాను, నాకు దీంట్లో బాగా నచ్చింది అదే. చిలీ వాడి వైపు నుంచి కూడా చూడండి. శాంటియాగో నుంచి టోక్యో బేరింగ్ 284. శాంటియాగో నుంచి కాకినాడకి లాంగ్ పాత్ 297. వాళ్లకు అప్పుడు శుక్రవారం రాత్రి, గడియారంలో తొమ్మిదిన్నర దాటింది. కాంటెస్ట్ అప్పుడే మొదలైంది, వాళ్లు ఎటు తిప్పుతారు? జపాన్ వైపే. ఎందుకంటే 28లో వందల కొద్దీ స్టేషన్లు ఒక్క చోట ఉన్నది అక్కడ.

అంటే కాకినాడలో ఈయనా జపాన్‌నే పిలుస్తున్నాడు, చిలీలో ఆయనా జపాన్‌నే పిలుస్తున్నాడు, ఇద్దరి యాంటెన్నాలూ ఒకే గీత మీద పడి ఒకరినొకరు విన్నారు. ఎవరూ ఎవరి కోసం వెతకలేదు!

మామూలు రోజుల్లో ఈ ఓపెనింగ్ ఉండదని కాదు, ఉంటుంది. అయితే ఆ అరగంటలో ఇటు కాకినాడలో ఒకరు, అటు శాంటియాగోలో ఒకరు, ఒకే బ్యాండులో, సరైన వైపు యాంటెన్నా పెట్టి కూర్చోవాలి. అది కాంటెస్ట్ వారాంతంలో తప్ప కుదరదు. బ్యాండు ఖాళీగా ఉందంటే మూసుకుపోయిందని అనుకుంటాం, చాలాసార్లు అక్కడ మాట్లాడేవాళ్లు లేకపోవడమే కారణం. నన్నడిగితే కాంటెస్టులకున్న అసలు విలువ ఇదే, పాయింట్లు తర్వాత. వేలమంది ఒకేసారి అన్ని దిక్కులకూ సిగ్నల్ పంపితే అయనోస్ఫియర్‌లో తెరిచి ఉన్న ప్రతి దారీ బయటపడుతుంది.

పాయింట్ల సంగతికొస్తే ఖండం మారింది కాబట్టి ఒక్కోదానికి 3, పైన ఆ బ్యాండులో జోన్ 12, జోన్ 13, రెండు దేశాలు, మొత్తం నాలుగు మల్టిప్లయర్లు (పాయింట్లను గుణించేవి). జపాన్ వాళ్లు ఎంతమందిని పట్టినా మనకు ఒక్కోటి 1 పాయింటే, ఒకే ఖండం కదా. బీమ్ తిప్పుతూ పోగొట్టుకున్న నిమిషం గురించి బెంగ వద్దు అన్నయ్యా.

---

హెచ్‌ఎఫ్_హనుమంతు (హైదరాబాద్) · మంగళవారం ఉదయం 9:30

లక్ష్మి గారు చెప్పింది బాగుంది. ఒక చిన్న తిరకాసు మాత్రం వదలకూడదు. గ్లోబు మీద దారం పెట్టి గీసిన గీత మీదే తరంగం పోవాలని ఎక్కడా లేదు. వంకర దారులు ఉంటాయి. అమెరికా తీసుకోండి, హైదరాబాద్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి సరైన దారి 17 డిగ్రీలు, సైబీరియా పైన 73 డిగ్రీల అక్షాంశం దాకా పోయి దిగుతుంది. అరోరా వలయం (ధ్రువం చుట్టూ ఆకాశంలో వెలుగులు కనిపించే పట్టీ) మధ్యలోంచి అన్నమాట. భూ అయస్కాంత తుపాను వచ్చిందంటే ఆ దారి మూసుకుపోతుంది, అప్పుడు అమెరికా వాళ్లు కొన్నిసార్లు ఎక్కడో పక్క దిక్కు నుంచి, బలహీనంగా, మాట అరిగిపోయినట్టు వినపడతారు. కాబట్టి "51లో వచ్చింది" అనకుండా "50కి 70కి మధ్య ఎక్కడో బలంగా ఉంది" అని రాసుకోవడం మంచిది, అంత వెడల్పు బీమ్‌తో కచ్చితమైన కోణం చెప్పలేం.

ఇంకొకటి, ఈ చిలీ దారి ఎంత పైకి పోయినా 42 డిగ్రీల అక్షాంశం దాటదు. అరోరా గొడవే లేదు. అందుకే కే ఇండెక్స్ (భూ అయస్కాంత అలజడికి కొలత) కాస్త పెరిగినా ఇది బతుకుతుంది.

---

డాలస్_తెలుగు_హ్యామ్ · మంగళవారం రాత్రి 8:45

ఆ పెద్దదారి వెంట ఉన్నవాణ్ని కాదు కానీ ఇటు పరిస్థితి చెప్తాను. మాకు కాంటెస్ట్ శుక్రవారం సాయంత్రం 7 గంటలకు మొదలవుతుంది. ఆ రాత్రి ఉత్తరం వైపు బీమ్ పెట్టి మన వీయూ (ఇండియా) స్టేషన్ల కోసం 14, 21 మెగాహెర్ట్జ్‌లలో చాలాసేపు తిరిగాను. ధ్రువం మీదుగా వచ్చేవి ఒకటీ అరా వినపడ్డాయి, అవీ గరగరమంటూ. ఇండియా వినపడితే నాకు పాయింట్ల లెక్క వేరు, ఎవరో ఒకరు మన ఊరి ఇంగ్లీషులో "ఫైవ్ నైన్ టూ టూ" అంటే చాలు, ఆ రోజంతా హుషారే. అదే సమయంలో చిలీ గొంతు కాకినాడలో ఎస్7 అంటే, నాకంటే వేల కిలోమీటర్లు ఎక్కువ దూరం తిరిగి వచ్చినవాడు హాయిగా వినపడ్డాడన్నమాట. కుళ్లుగా ఉంది, సంతోషంగానూ ఉంది.

హనుమంతు గారు చెప్పిన వంకర దారి ఇక్కడ మాకు అనుభవమే. తుపాను రోజుల్లో ఉత్తరం వైపు ఏమీ లేకపోతే తూర్పుకో ఆగ్నేయానికో తిప్పి వినడం ఇక్కడి పాత ఆపరేటర్లందరికీ అలవాటు.

---

వాల్తేరు_తరంగం (విశాఖ) · బుధవారం ఉదయం 6:55

దూరం మాట వచ్చింది కాబట్టి ఒక పాత కథ చెప్పాలి, మన దేశానికి సంబంధం ఉన్నదే.

1924 అక్టోబరు 18. న్యూజీలాండ్‌లో ఒటాగో ప్రాంతం, షాగ్ వ్యాలీ అనే చోట గొర్రెల పొలం ఉన్న ఫ్రాంక్ బెల్ అనే అమెచ్యూర్, కాల్‌సైన్ జెడ్4ఏఏ. లండన్‌లో మిల్ హిల్ స్కూల్లో చదువుకుంటున్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు సెసిల్ గోయ్‌డర్, జీ2ఎస్‌జెడ్. ఇద్దరూ మోర్స్‌లో మాట్లాడుకున్నారు. భూమికి ఈ చివర ఆ చివర అనదగ్గ దూరం, అప్పటిదాకా ఎవరూ రెండు వైపులా అంత దూరం మాట్లాడలేదు. అంతకు ఏడాది ముందు, 1923 నవంబరులో, అమెరికా ఫ్రాన్స్‌ల మధ్య అట్లాంటిక్ దాటి అమెచ్యూర్లు తొలిసారి 110 మీటర్ల తరంగం మీద మాట్లాడుకుంటేనే పెద్ద వింత. 200 మీటర్లకు దిగువ తరంగాలు ఎందుకూ పనికిరావని అమెచ్యూర్లకు వదిలేసిన రోజులవి! బ్రిటిష్ శాస్త్రవేత్త ఆపిల్‌టన్ ఇంగ్లండ్‌లో అయనోస్ఫియర్ ఎత్తును ప్రయోగంతో కొలిచింది కూడా 1924 డిసెంబరులోనే, అంటే బెల్, గోయ్‌డర్ మాట్లాడుకున్న తర్వాత. పైన పొర ఉందని కొలిచి చూపకముందే ఆ కుర్రాడు దాన్ని వాడేశాడు.

ఆ గోయ్‌డరే తర్వాత 1936లో ఇండియా వచ్చి ఆలిండియా రేడియోకి చీఫ్ ఇంజినీర్‌గా పనిచేశాడు. మన షార్ట్‌వేవ్ ప్రసారాలకు పునాది పడిన రోజులు అవి. స్కూల్లో హ్యామ్ రేడియో ఆడుకున్నవాడి చేతిలోకి ఒక ఉపఖండం రేడియో వచ్చింది. ఈ సంగతి మన క్లబ్బుల్లో పిల్లలకు చెప్పాలి, చెప్పరు, నాకు అదొక బాధ.

---

కొత్త_వియూ3 (ఖమ్మం) · బుధవారం ఉదయం 7:30

మాస్టారూ, ఇదంతా చదివాక అడగకుండా ఉండలేకపోతున్నా. నాది రెస్ట్రిక్టెడ్ గ్రేడ్, 50 వాట్లు. యాగీ లేదు, రొటేటర్ లేదు, రెండంతస్తుల డాబా మాత్రం ఉంది. నాకూ ఇది వినపడుతుందా? లేక తీరంలో ఉన్నవాళ్లకేనా?

---

గోదావరి_గాలి (కాకినాడ) · బుధవారం ఉదయం 8:12

తప్పకుండా ప్రయత్నించు తమ్ముడూ. 100 నుంచి 50కి దిగితే పోయేది 3 డీబీ, ఎస్ మీటరు మీద సగం యూనిట్. దానికోసం మనసు పాడుచేసుకోవద్దు. నేను లైసెన్స్ తీసుకున్న కొత్తలో డైపోల్ (రెండు కాళ్ల తీగ యాంటెన్నా)తోనే నెట్టుకొచ్చాను.

28.5కి డైపోల్ అంటే 143ని 28.5తో భాగించు, 5 మీటర్లు, ఒక్కో కాలు రెండున్నర. గట్టి వెదురు గెడకు కట్టినా నిలబడుతుంది. అసలు విషయం ఎత్తు. రెండంతస్తుల డాబా మీద గెడ నిలబెడితే నేల నుంచి 10 మీటర్లు వస్తుంది, ఈ బ్యాండులో అది ఒక పూర్తి తరంగదైర్ఘ్యం. సిగ్నల్ ఆకాశంలోకి కాకుండా దిగంతం వైపు తక్కువ కోణంలో పోతుంది, దూరానికి కావాల్సింది అదే. తీగ అడ్డంగా ఏ దిక్కుకు ఉందో చూసుకో, డైపోల్ తన రెండు కొసల వైపు వినదు. తీగను వాయవ్యం, ఆగ్నేయం మధ్య కడితే దాని ముఖం ఈశాన్యానికీ నైరుతికీ ఉంటుంది. పొద్దున ఈశాన్యం నుంచి వచ్చే లాంగ్ పాత్, సాయంత్రం నైరుతి నుంచి వచ్చే షార్ట్ పాత్, రెండూ ఒకే తీగతో.

కోయాక్స్ పాతదైతే మార్చెయ్. 7 మెగాహెర్ట్జ్‌లో బాగానే ఉన్న కేబులు 28లో సగం పవర్ మింగేస్తుంది. మా తీరంలో ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడిపోతాయి, ప్రతి తుపాను కాలం ముందూ విప్పి, తోమి, టేపు చుట్టడం నాకు ఒక పండగ పని.

---

లాగ్‌బుక్_లక్ష్మి (బెంగళూరు, ఊరు నెల్లూరు) · బుధవారం ఉదయం 9:00

సాయంత్రం సంగతి గోదావరి గారు ఒక్క మాటలో తేల్చేశారు, కొత్తవాళ్లకు స్పష్టంగా ఉండాలి. మనకు పొద్దుగూకే సమయం, 5:30 నుంచి 6:30 వరకు, చిలీ అర్జెంటీనాల్లో పొద్దుటి పూట. అప్పుడు హిందూ మహాసముద్రం, అట్లాంటిక్ మీద ఎండ ఉంటుంది కాబట్టి దగ్గర దారి, 231. అదే అందరికీ తెలిసిన ఓపెనింగ్. పొద్దుటి లాంగ్ పాత్ తెలిసినవాళ్లు తక్కువ, ఎందుకంటే మన పొద్దున వాళ్ల రాత్రి, "రాత్రి 28 పనిచేయదు" అని పుస్తకం చెప్పింది కాబట్టి ఎవరూ వినరు.

పెరూ, ఈక్వెడార్ కావాలంటే (జోన్ 10, దొరకడం కష్టం) బీమ్ ఇంకా కిందికి, కాకినాడ నుంచి లిమా లాంగ్ పాత్ దాదాపు 100 డిగ్రీలు. అది సముద్రం మీదుగా బ్యాంకాక్ దగ్గర, ఫిలిప్పీన్స్ దక్షిణ కొస, న్యూగినీకి పైన భూమధ్యరేఖ దాటి వెళ్తుంది. జపాన్ మీద పెట్టిన బీమ్‌కు అది పక్కకు పడుతుంది. మొన్న ఎవరైనా 100కి తిప్పి విన్నారా?

---

శేషాచలం_సిగ్నల్ (తిరుపతి) · బుధవారం రాత్రి 9:40

లక్ష్మి గారూ, నేను విన్నా. నిలువు యాంటెన్నా, అన్ని దిక్కులూ ఒకటే దానికి, కాబట్టి దిక్కు చెప్పలేను. 21లో ఆరున్నర ప్రాంతంలో ఓఏ4 (పెరూ) ఒకరు జపాన్ వాళ్లను ఏరుకుంటున్నారు. నేను పిలిచాను, వినలేదు. గొంతు మాత్రం వణుకుతోంది, నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు.

ఆ వణుకుకు కారణం మీద మా ఊరి పక్కనే పరిశోధన చేస్తున్నారు. గాదంకిలో నార్ల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వాళ్ల ఎంఎస్‌టీ రాడార్ (పై వాతావరణాన్ని పరిశీలించేది) ఉంది, 53 మెగాహెర్ట్జ్. పొద్దుగూకాక భూమధ్యరేఖ ప్రాంతంలో ఎఫ్ పొర ఒక్కసారిగా పైకి లేస్తుంది, దాని అడుగున పలచటి బుడగలు పుట్టి పైకి ఎగబాకుతాయి, పొర నునుపు పోయి గతుకులు పడుతుంది. ఆ గతుకుల మీద వంగిన సిగ్నల్ వణుకుతుంది. లిమా దగ్గర హికమార్కాలోనూ సరిగ్గా ఇదే పనికి ఒక పెద్ద రాడార్ ఉంది, 50 మెగాహెర్ట్జ్‌కి దగ్గర్లో, అది ఉన్నది అయస్కాంత భూమధ్యరేఖ మీదే. 1963లో మన తొలి రాకెట్‌కు థుంబాను ఎంచుకున్నదీ ఆ రేఖ అక్కడి నుంచి పోతుందనే. మన తెలుగు నేల ఆ రేఖకూ, అహ్మదాబాద్ భోపాల్ మీద ఉండే ఉత్తరం గుట్టకూ మధ్యలో పడింది. యూరప్ వాళ్లు రాసిన ప్రొపగేషన్ చార్టులు చూసి మన బ్యాండు గురించి నిర్ణయాలు తీసుకోవద్దని నేను ఎప్పుడూ మొత్తుకునేది అందుకే.

---

గోదావరి_గాలి (కాకినాడ) · బుధవారం రాత్రి 9:58

వణుకు అంటే గుర్తొచ్చింది, మొదటి చిలీ స్టేషన్ గొంతు శుభ్రంగా ఉంది, 6:40 దగ్గర వచ్చిన రెండోది సరిగ్గా మీరు చెప్పినట్టే వణికింది. ఆ తర్వాత కాసేపటికే మూసుకుపోయింది. అంటే వాళ్ల వైపు చీకటి ముదిరేకొద్దీ పొర చెదిరిందన్నమాట.

---

హెచ్‌ఎఫ్_హనుమంతు (హైదరాబాద్) · గురువారం ఉదయం 7:15

ఇంతదాకా వచ్చాం కాబట్టి నవంబరు చివరి వారాంతం సీడబ్ల్యూ (మోర్స్) కాంటెస్ట్‌కు లెక్కగా చూద్దాం. శాంటియాగోలో సూర్యాస్తమయం అక్టోబరు చివర కంటే అరగంట ఆలస్యం అవుతుంది, మన సూర్యోదయం పావుగంట ఆలస్యం. నికరంగా ఒక పావుగంట లాభం. పైగా సీడబ్ల్యూ, బలహీనమైన సిగ్నల్ కూడా పట్టుకోవచ్చు.

ముందు రోజుల్లో పరీక్షించడానికి ఎన్‌సీడీఎక్స్‌ఎఫ్ అనే సంస్థ బీకన్లు (వేళ ప్రకారం తమంతట తామే పలికే ట్రాన్స్‌మిటర్లు) వాడండి. 28.200లో ప్రపంచం మొత్తం మీద 18 బీకన్లు వంతులవారీగా పలుకుతాయి, ఒక్కోటి పది సెకన్లు, మూడు నిమిషాలకు ఒక చుట్టు. కాల్‌సైన్ తర్వాత నాలుగు పొడుగు డాష్‌లు, మొదటిది 100 వాట్లు, తర్వాత 10, 1, చివరిది 0.1. ఎన్ని డాష్‌లు వినపడ్డాయో రాసుకుంటే బ్యాండు ఎంత బాగుందో తెలుస్తుంది. జాబితాలో బ్యూనస్ ఎయిర్స్‌ది ఎల్‌యూ4ఏఏ, లిమాది ఓఏ4బీ. పొద్దున ఆరింటికి ఎల్‌యూ4ఏఏ వినపడిందంటే లాంగ్ పాత్ తెరుచుకున్నట్టే. 21.150లోనూ ఇవే బీకన్లు, అక్కడ ఇంకా ముందే తెరుచుకోవచ్చు.

యాగీ ఉన్నవాళ్లు 55 దగ్గర ఒకసారి, 100 దగ్గర ఒకసారి, 235 దగ్గర ఒకసారి విని మూడింటికీ ఎస్ రీడింగ్ రాయాలి. డైపోల్ వాళ్లు సమయం రాస్తే చాలు. రెండు దారులూ ఒకేసారి తెరిచి ఉంటే సిగ్నల్ వెనకే ప్రతిధ్వని వస్తుంది, చిలీకి రెండు దారుల తేడా 6,600 కిలోమీటర్లు కాబట్టి 22 మిల్లీసెకన్లు, సీడబ్ల్యూ చుక్కలు ఒకదాని మీద ఒకటి సాగినట్టు వినపడతాయి. అది విన్నవాళ్లు రికార్డింగ్ పెట్టండి.

---

వాల్తేరు_తరంగం (విశాఖ) · గురువారం ఉదయం 7:32

నేను 28.200 తీసుకుంటాను, 5:45 నుంచి 7 వరకు, వచ్చే సోమవారం నుంచి రోజూ. లక్ష్మమ్మా, 21.150 నువ్వు చూడు. తిరుపతి బాబు నిలువు యాంటెన్నాతో రెండూ వింటే తీరానికీ లోపలికీ తేడా తెలుస్తుంది. సమయాలు అందరూ యూటీసీలోనే రాయండి, లేకపోతే కలిపి చూసేటప్పుడు గందరగోళం అవుతుంది.

---

కొత్త_వియూ3 (ఖమ్మం) · గురువారం రాత్రి 8:50

మాస్టారూ, డైపోల్ కట్టేశాను, గోదావరి అన్న చెప్పినట్టు వాయవ్యం ఆగ్నేయం మధ్య, డాబా మీద వెదురు గెడకు. 28.5 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత) 1.4, బీకన్లు వినడానికి సరిపోతుంది కదా? సోమవారం నుంచి ఖమ్మం రీడింగులు కూడా రాయండి. సీడబ్ల్యూ ఇంకా నెమ్మదిగానే వస్తుంది, కాబట్టి కాల్‌సైన్ పట్టుకోలేకపోతే ఏ సెకనుకు వినపడిందో రాస్తాను, వంతుల పట్టిక చూసి అది ఏ బీకనో మీరు చెప్పండి.

---

లాగ్‌బుక్_లక్ష్మి (బెంగళూరు, ఊరు నెల్లూరు) · గురువారం రాత్రి 9:05

1.4 చాలు. గడియారం ఇంటర్నెట్‌తో సెకను తేడా లేకుండా కలుపుకో, మిగతాది నేను చూసుకుంటా. పట్టిక రేపు పొద్దున ఇక్కడే పెడతాను. 73 (శుభాకాంక్షలు).